హియరింగ్ ఎయిడ్ చెవికి కుదిరింది, బోటుకి కుదరలేదు: ఒక సరంగు కేసు

నేను ఆడియాలజిస్ట్‌ని. విశాఖపట్నంలో పద్నాలుగేళ్లుగా వినికిడి పరీక్షలు, హియరింగ్ ఎయిడ్ ఫిట్టింగులు చేస్తున్నాను. ఈ కేసు నిరుడు వేసవిలో మొదలై ఈ ఏడాది వేసవి దాకా నడిచింది. మధ్యలో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు ఉంది, దాన్ని దిద్దుకోవడానికి ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీదకి వెళ్లాల్సి వచ్చింది. పేషెంటు అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు ఏవీ ఉంచలేదు.

ఆయనకి యాభై నాలుగేళ్లు. పదహారేళ్లకే కళాసీగా, అంటే బోటు పనివాడిగా, బోటెక్కాడు, చాలా ఏళ్లు ఇంజిన్ దగ్గర పనిచేశాడు, తర్వాత సరంగు అయ్యాడు. మర బోటు నడిపేది, వల ఎక్కడ వేయాలో నిర్ణయించేది, ఏడెనిమిది మందిని క్షేమంగా ఒడ్డుకి చేర్చేది సరంగే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకి వేట నిషేధం కాబట్టి, ఆస్పత్రి పనులైనా పెళ్లిళ్లైనా ఇంటి రిపేర్లైనా ఆ రెండు నెలల్లోనే పెట్టుకుంటారు. ఈయన్నీ మే నెలలోనే భార్య తీసుకొచ్చింది.

“ఎదురుగా నిలబడి సెప్తే ఇంటాడమ్మా. ఎనక్కి తిరిగేడంటే గోడకి సెప్పినట్టే,” అందావిడ.

“ఇనబడతాది డాక్టరమ్మా,” అన్నాడాయన. “ఏటంతన్నారో తెలీదు, అంతే.”

(నేను డాక్టర్‌ని కాదని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. హార్బర్ వాళ్లకి తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి డాక్టరమ్మే.)

అసలు కారణం తర్వాత మెల్లగా బయటికొచ్చింది. మార్చిలో వల లాగుతుండగా తాడు ఒక కుర్రాడి చేతికి చుట్టుకుంది. వెనక నుంచి ఆపమని అరిచారు, ఈయనకి తెలియలేదు. ఇంకొకడు పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకుని ఊపితే అప్పుడు ఇంజిన్ తగ్గించాడు. కుర్రాడు మణికట్టు దగ్గర చర్మం ఒలిచిపోయి బయటపడ్డాడు, ఇంకో క్షణం ఆలస్యమైతే చెయ్యి పోయేది. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, కిటికీ వైపే చూస్తూ చెప్పాడు.

పరీక్షల్లో తేలింది

ఈఎన్‌టీ డాక్టరు గారు ముందే గులిమి తీసేసి, కర్ణభేరి బాగుందని రాసి పంపారు. ఏ స్వరం ఎంత పెద్దగా ఉంటే వినపడుతుందో చూపే గీత ఆడియోగ్రామ్. హెర్ట్జ్ పెరిగితే స్వరం పైకి పోయినట్టు, డెసిబెల్స్ పెరిగితే వినికిడి తగ్గినట్టు. నా ఆడియోగ్రామ్‌లో కుడి చెవికి 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్, 1000 దగ్గర 40, 2000 దగ్గర 55, 4000 దగ్గర 75, మళ్లీ 8000 దగ్గర 65. ఎడమ చెవి ప్రతి చోటా ఇంకో 5 డెసిబెల్స్ తక్కువగా పనిచేస్తోంది. గీత మెట్లు దిగినట్టు దిగి, 4000 దగ్గర గోతిలో పడి, కాస్త పైకి లేచింది. ఏళ్ల తరబడి పెద్ద చప్పుడులో ఉన్న చెవికి ఉండే ఆనవాలు ఇదే. మన చెవి గొట్టం ఆకారమే 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని ఇంకా పెంచి లోపలికి పంపుతుంది, అందుకే దానికి కాస్త పైన ఉండే స్వరాలు ముందు పాడవుతాయి. లోపలి చెవిలో పుట్టుకతో ఉండే రోమ కణాలు సుమారు 15 వేలు మాత్రమే, మనుషుల్లో అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. ఆపరేషన్‌తోనో మందులతోనో ఈయనకి పాత చెవి తిరిగి రాదు, పరికరం పెట్టి ఉన్నదాన్ని వాడుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. అచ్చుల బలమంతా కింది స్వరాల్లో ఉంటుంది, ఈయనకి ఆ భాగం బాగానే ఉంది. అందుకే ఎవరు మాట్లాడినా వినపడుతున్నట్టే ఉంటుంది. పోయేది హల్లులు. అందులోనూ ‘స’ బలం ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైనే ఉంటుంది, సరిగ్గా ఆయన గోతిలో. ఇప్పుడు మన ఉత్తరాంధ్ర మాట గుర్తుచేసుకోండి. ‘చెప్పు’ ఇక్కడ ‘సెప్పు’, ‘చేప’ ఇక్కడ ‘సేప’, ‘చూడు’ ఇక్కడ ‘సూడు’. పుస్తకాల తెలుగులో ‘చ’కి ఒక చిన్న పగులు ఉంటుంది, అది వినికిడి తగ్గినవాళ్లకీ కొంత దొరుకుతుంది. ‘స’లో ఆ పగులు లేదు, గాలి ఈల ఒక్కటే. కాబట్టి ఆయన బోటు మీద, ఆయన ఇంట్లో, రోజంతా వాడే మాటల మొదటి అక్షరాలే ఆయనకి అందడం లేదు.

నేను రికార్డు చేసిన పదాల పట్టీ శిష్ట తెలుగులో ఉంది. అందులో కుడి చెవికి 60 శాతం, ఎడమకి 50 వచ్చింది. అనుమానం వచ్చి, నోరు కనిపించకుండా ఫైలు అడ్డం పెట్టించి భార్య చేత ఆవిడ మాటలోనే ఇరవై పదాలు చదివించాను. ఎనిమిది పట్టుకున్నాడు. ‘సేప’ అంటే ‘ఏప’ అన్నాడు. ‘సంచి’ దగ్గర అసలు ఆగిపోయాడు. అప్పటినుంచి నా దగ్గర రెండు పట్టీలు ఉన్నాయి, రెండోది ఇంటి భాషలో.

మొదటి ఫిట్టింగ్, అది ఎలా చెడింది

కింది స్వరాలు బాగున్న మనిషికి చెవి మూసేయకూడదు, మూస్తే సొంత గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. అందుకని పుస్తకం ప్రకారమే వెళ్లాను. చెవి వెనక చిన్న మిషన్, సన్న తీగ, తీగ చివర చెవిలోకి వెళ్లే రిసీవరు (బుల్లి స్పీకరు), దాని మీద చిల్లులున్న మెత్తటి రబ్బరు డోమ్. ఎంత పెంచాలన్నది ఆస్ట్రేలియా నేషనల్ అకౌస్టిక్ లేబొరేటరీస్ వాళ్ల ఎన్‌ఏఎల్-ఎన్‌ఎల్2 ఫార్ములాతో లెక్కగట్టి, చెవిలో సన్న గొట్టం పెట్టి కొలిచి చూసుకున్నాను. టార్గెట్‌కి అటూ ఇటూగా బాగా కుదిరింది. చప్పుడు తగ్గించే ప్రోగ్రామ్ పెట్టాను, ముందు నుంచి వచ్చే మాటనే పట్టుకుని వెనక శబ్దాన్ని అణిచే డైరెక్షనల్ మైకులు ఆన్ చేశాను. మా గదిలో భార్య పదాల పట్టీలో ఇరవైకి పదిహేడు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనూ చాలా సంతోషపడ్డాను.

జూన్ 15న బోటు వెళ్లింది. పన్నెండో రోజున తిరిగొచ్చింది, పద్నాలుగో రోజున ఆయన మిషన్లు రెండూ రుమాల్లో మూటగట్టి నా టేబుల్ మీద పెట్టాడు. “నాకొద్దమ్మా. ఇంజిన్ సప్పుడు పెద్దదైపోనాది. ఎనకోళ్ల మాట ముందటికంటే తక్కువైపోనాది. నాలుగో రోజుకి ఒకటి పాడైపోనాది.”

వెనకవాళ్ల మాట తక్కువైందా? మిషన్ పెట్టుకున్నాక ముందటికంటే తక్కువ వినపడటం ఏమిటని నాకు అర్థం కాలేదు. ముందు పాడైనదాన్ని మాగ్నిఫయర్ కింద పెట్టాను. రిసీవరు మూతి దగ్గర ఉండే గుండుసూది తలంత ఫిల్టరు మీద తెల్లటి పెచ్చు కట్టింది. గులిమి పసుపుగా, జిగటగా ఉంటుంది, ఇది గట్టిగా, అంచుల్లో మెరుస్తూ ఉంది. సూదితో గీకితే పొడి రాలింది. ఉప్పు. బ్యాటరీ తలుపు తీస్తే లోపల రేకు మీద ఆకుపచ్చ చిలుము.

మిషన్ మీద ఐపీ68 అని రాసి ఉంది, అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో. సముద్రపు తుంపర ఆరిపోయాక మిగిలే ఉప్పు సంగతి అందులో లేదు. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటగానే ఆ తేమని పీల్చుకుని తానే కరుగుతుంది. వానాకాలం మన వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చేది ఇందుకే. విశాఖలో ఒడ్డు మీదే ఇలా ఉంటే సముద్రంలో పన్నెండు రోజులు ఆ ఉప్పు పగలు ఎండుతూ, రాత్రి తడుస్తూ, రేకుని తింటూనే ఉంటుంది.

ఇది పెట్టుకునే మనిషి ఎక్కడ బతుకుతాడో నేను అడిగాను, రాసుకున్నాను, కానీ చూడలేదు. అదే నా పొరపాటు.

జెట్టీ మీద

జులైలో బోటు చేపలు దించుకుని ఖాళీగా ఉన్న రోజు, తెల్లారి ఆరు గంటలకి సౌండ్ లెవెల్ మీటరు, ల్యాప్‌టాప్, పదాల పట్టీ తీసుకుని హార్బర్‌కి వెళ్లాను. బోటుని జెట్టీకి కట్టి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసి, వేటలో నడిపేంత వేగానికి పెంచమన్నాను. సరంగు నిలబడే క్యాబిన్‌లో ఆయన చెవి ఎత్తున 88 డెసిబెల్స్. ఇంజిన్ గది మూత పక్కన 102. రోజుకి ఎనిమిది గంటలు వినడానికి 85 హద్దు అని లెక్క, అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 102 దగ్గర పది నిమిషాల లోపే. ఈయన రోజుకి పన్నెండు గంటలు చుక్కాని దగ్గర ఉంటాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ మూత పక్కనే పడుకునేవాడట, రాత్రి వెచ్చగా ఉంటుందని.

క్యాబిన్‌లో ఆయన పక్కన నిలబడి చుట్టూ చూశాక అన్నీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. ఆయన మొహం ఎప్పుడూ ముందుకి, సముద్రం వైపు. వల లాగేది వెనక. కళాసీలు అరిచేది వెనక నుంచి. వైర్‌లెస్ సెట్టు స్పీకరు క్యాబిన్ పైకప్పుకి, ఆయన తల వెనక మేకు కొట్టి ఉంది. నేను పెట్టిన డైరెక్షనల్ మైకులు ఏం చేస్తాయి? మాట్లాడేవాడు ఎదురుగా ఉంటాడని నమ్ముతాయి, వెనక నుంచి వచ్చేదంతా గోల అనుకుని అణిచేస్తాయి. హోటల్లో నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటికి అది సరైన నమ్మకం. ఈ బోటులో ఆయనకి ప్రాణం మీదికి వచ్చే మాటలన్నీ వెనక నుంచే వస్తాయి. వాటినే నేను ఖరీదైన మిషన్‌తో అణిచేయించాను. ఆ చిల్లుల డోమ్ ఇంకో తప్పు. ఇంజిన్ కింది స్వరం ఆ చిల్లుల్లోంచి నేరుగా చెవిలోకి పోతుంది, మిషన్‌లో చప్పుడు తగ్గించే ప్రోగ్రామ్ దాన్ని ముట్టుకోనే లేదు.

ఇంజిన్ నడుస్తుండగా వెనక తట్టు నుంచి ఒక కళాసీ చేత ఇరవై పదాలు అరిపించాను. మిషన్ లేకుండా ఆరు. మిషన్‌తో ఐదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

ఏం మార్చాం

మిషన్ రకం మార్చాను. రిసీవరు చెవిలో కాకుండా చెవి వెనక పెట్టెలోనే ఉండేది, దానికి గొట్టం, చెవి అచ్చు తీసి చేయించిన గట్టి అక్రిలిక్ మౌల్డ్, అందులో సన్న రంధ్రం ఒక్కటే. సొంత గొంతు కొంచెం గుబగుబ అంటుందని ముందే చెప్పాను. రెండు వారాలు ఇబ్బంది పడి అలవాటు చేసుకున్నాడు. గొట్టం ఊడదీసి మంచినీళ్లతో కడగొచ్చు, అందులో పట్టిన ఉప్పు పోతుంది. తడి ఊదేయడానికి చిన్న రబ్బరు బుడ్డి ఇచ్చాను. ఛార్జింగ్ మోడల్ వద్దనుకున్నాం. 13 సైజు బ్యాటరీ వారం పైనే వస్తుంది, ఆరు బిళ్లల అట్ట జేబులో ఉంటే ట్రిప్పంతా నిశ్చింత. (స్టిక్కరు పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు లోపల పెట్టండి. ఆ బ్యాటరీ గాలితోనే పనిచేస్తుంది. చాలామంది పీకిన వెంటనే పెట్టేస్తారు.)

ప్రోగ్రాములు రెండే ఉంచాను. ఇంట్లోకి ఒకటి, డైరెక్షనల్ మైకులతో. బోటుకి ఒకటి, అన్ని వైపులా వినేలా, మరీ పెద్ద శబ్దం వస్తే ఒక హద్దు దాటకుండా గట్టిగా బిగించి. బటన్ ఒక నొక్కు నొక్కితే మారుతుంది, బోటుదైతే రెండుసార్లు బీప్ అంటుంది.

రాత్రి మిషన్ పెట్టేది స్టీలు డబ్బాలో, సిలికా జెల్ సంచీ మీద. నారింజ రంగు గింజలే తీసుకోమన్నాను, తేమ పీల్చాక ఆకుపచ్చగా మారతాయి, నీలం రంగువాటిలో సాధారణంగా కోబాల్ట్ ఉంటుంది, తినే గిన్నెల పక్కన అది వద్దు. బ్యాటరీని మాత్రం డబ్బాలో పెట్టకూడదు, ఎండిపోయి చస్తుంది. ఇది ఆయన కంటే ఆయన భార్యకే బాగా పట్టింది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య గింజల్ని పాత మూకుడులో సన్న సెగ మీద మళ్లీ నారింజ రంగు వచ్చేదాకా వేడి చేస్తుంది, ఆ మూకుడులో ఇంకేమీ వండదు.

ఇంతవరకూ నా పని. అసలు తేడా తెచ్చింది మాత్రం బోటులో చేసిన మార్పులే అని నా నమ్మకం. ఎలక్ట్రీషియన్ వైర్‌లెస్ స్పీకరుని తల వెనక నుంచి తీసి చుక్కాని ఎదురుగా ఛాతీ ఎత్తున బిగించాడు, పావుగంట పని. మెకానిక్ చిల్లు పడిన సైలెన్సర్ మార్చాడు, ఇంజిన్ మూత అంచుల్లో మందపాటి రబ్బరు షీటు అంటించాడు. క్యాబిన్‌లో 88 ఉన్నది 83కి దిగింది. ఆ 5 డెసిబెల్స్ ఏ హియరింగ్ ఎయిడ్ ప్రోగ్రామూ ఇవ్వలేదు, పైగా బోటులో ఉన్న అందరి చెవులకీ దక్కాయి.

వెనక నుంచి అరిచే మాట సంగతి మాత్రం దీనితో తేలలేదు. మూడు మీటర్ల దూరం, గాలి, వల లాగే వించి మోత. ఆ దూరంలో మంచి చెవి ఉన్న నాకే సగం అందలేదు. అప్పుడు సరంగే అన్నాడు, “పోర్టులో తుపాను జెండాలుంటాయి కదమ్మా, అవి ఇనక్కర్లేదు, సూస్తే సాలు.” నిజమే, పోర్టులో పగలు గుర్తులూ రాత్రి ఎరుపూ తెలుపూ దీపాలూ ఎగరేస్తారు, ఒకటి నుంచి పదకొండు నంబర్ల దాకా, ఏ నంబరుకి ఏం చేయాలో హార్బర్ పిల్లలకి కూడా తెలుసు. ఆ మాట మీద లారీ ఇండికేటర్ బల్బు ఒకటి తెచ్చారు, 24 వోల్టులది, బోటు బ్యాటరీకి సరిపోతుంది. ఎర్ర మూత వేసి, రాత్రి కళ్లు చెదరకుండా పైన రేకు గొడుగు కట్టి, చుక్కాని ఎదురుగా పెట్టారు. వల లాగే చోట ప్లాస్టిక్ డబ్బాలో ఒక నొక్కుడు స్విచ్చి. పట్టుకుని ఉంచితే ‘ఆపు’, రెండుసార్లు నొక్కితే ‘నెమ్మది’. సంకేతాలు వాళ్లే పెట్టుకున్నారు, ఇంకేమీ వద్దని వాళ్లే అన్నారు, ఎక్కువైతే కంగారులో మర్చిపోతామని.

ఒక షరతు నేను గట్టిగా పెట్టాను. ఇంజిన్ గదిలోకి దిగేటప్పుడు మిషన్ తీసి డబ్బాలో పెట్టి, చెవులకి ఇయర్‌మఫ్‌లు వేసుకోవాలి. హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే చెవికి రక్షణ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మిగిలిన వినికిడిని వాడుకోవడానికే గానీ కాపాడటానికి కాదు.

ఎంత కుదిరింది, ఎంత కుదరలేదు

అక్టోబరులో మళ్లీ జెట్టీ మీదే, అదే ఇంజిన్ వేగంలో పరీక్ష చేశాను. క్యాబిన్‌లో పక్క మనిషి చెప్పే ఇరవై పదాల్లో పదిహేను. వైర్‌లెస్‌లో వేరే బోటు నుంచి పంపించిన పది వాక్యాల్లో ఎనిమిది సరిగ్గా తిరిగి చెప్పాడు, తొమ్మిదోది మళ్లీ చెప్పమని అడిగాడు. అలా అడగడమే నాకు పెద్ద మార్పుగా కనిపించింది, ముందైతే వినపడినట్టు తలూపేసేవాడట. వెనక నుంచి అరిచేవి ఇరవైలో తొమ్మిది. అందుకే దీపం.

కొన్ని మారలేదు. చెవిలో తుమ్మెద రొద అలాగే ఉంది, రాత్రి పడుకున్నప్పుడు ఎక్కువ. పెళ్లి పందిట్లో డీజే దగ్గర మిషన్ తీసేస్తాడు, తీసేయమనే నేనూ చెబుతాను. వాన పడుతూ వల లాగేటప్పుడు పెట్టుకోడు, దీపం చూసుకుంటాడు. రోజుకి సగటున ఏడు గంటలు వాడుతున్నట్టు మిషన్ రికార్డు చూపిస్తోంది, మొదటి జతలో అయితే ఒకటి నాలుగో రోజుకే ఆగిపోయింది. డిసెంబరులో ఎడమ గొట్టం గట్టిపడి చిట్లింది, మార్చాను. ఉప్పు గాలిలో మూడు నెలలకోసారి గొట్టం మార్చాలని ఇప్పుడు నా కార్డులో రాసుకున్నాను.

జనవరిలో ఒక రోజు వల రాయికి పట్టుకుంది, దీపం వెలిగింది, ఆయన ఇంజిన్ తగ్గించాడు. అంతే జరిగింది. ఫోన్లో ఆయన భార్య ఈ రెండు ముక్కలే చెప్పి కాసేపు ఊరుకుంది.

ఈ ఏడాది నిషేధం మొదలైన వారానికి ఆయన ఒక్కడే రాలేదు, ఇంజిన్ దగ్గర పనిచేసే కళాసీని వెంటబెట్టుకుని వచ్చాడు. నిరుడు చేతికి తాడు చుట్టుకున్న కుర్రాడే, ఇరవై రెండేళ్లు. తనకి బాగానే వినపడుతుందని, సరంగు మావయ్య బలవంతం మీద వచ్చానని అన్నాడు. మాట అంతా శుభ్రంగా అందుతోంది, పదాల పట్టీలో ఇరవైకి ఇరవై. ఆడియోగ్రామ్ గీత మొదటి నుంచి చక్కగా పైనే ఉంది, రెండు చెవుల్లోనూ 4000 దగ్గర మాత్రం 25, 30కి ఒక చిన్న గుంట. నేను ఆ కాగితం పక్కన సరంగు పాత కాగితం పెట్టి ఇద్దరికీ చూపించాను. కుర్రాడు చాలాసేపు చూశాడు. సరంగు ఏమీ అనలేదు, తన సంచీలోంచి ఇయర్‌మఫ్‌లు తీసి వాడి ఒళ్లో పెట్టి, తనకి ఇంకో జత కావాలన్నాడు.

కుర్రాడికి మళ్లీ పరీక్ష జూన్ 10న, బోటు వెళ్లే ముందు.